నిమిషంన్నర ఏడుపు

ఆవిడకి యాభై అయిదేళ్లు. చత్వారం వచ్చింది, మోకాళ్ల నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా మా డబ్బింగ్ స్టూడియోలో అందరికీ ఆవిడ 'పిల్లోడక్క'. కొత్తగా చేరినవాళ్లు ఆ పిలుపు విని నోరెళ్లబెడితే ఆవిడే సర్దిచెప్పేది.

"అలాగే పిలువమ్మా. ఇంకో పేరుతో పిలిస్తే నన్ను కాదనుకుని పలకను."

నేను అక్కడ సౌండు ఇంజనీరుని. పేరుకే ఇంజనీరు. బటన్లు నొక్కడం, తెగిన తీగలు అతికించడం, ఆర్టిస్టుల మీద విసుక్కోవడం నా పని. అద్దానికి అటువైపు ఆవిడ, ఇటువైపు నేను, ముప్ఫై ఒక్క ఏళ్లు. స్టూడియో రెండో అంతస్తులో ఉంది, కింద చెక్క సామాన్ల కార్ఖానా. వాళ్లు రంపం ఆడించినప్పుడల్లా మేం పని ఆపి చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆవిడ కథంతా నాకు తెలిసింది ఆ ఖాళీల్లోనే. కింద టేకు దుంగలు కోసేవాళ్లు, పైన ఆవిడ తన చిన్నతనం చెప్పేది.

ఆవిడ అమ్మ సినిమాల వాళ్లకి బట్టలు కుట్టే దర్జీ. అయిదేళ్ల పిల్లని ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తెచ్చుకుని బట్టల మూటల మీద పడుకోబెట్టేదట. ఒకరోజు హీరో చిన్నప్పటి వేషం వెయ్యాల్సిన పిల్లాడికి జ్వరం వచ్చింది. సెట్టు సిద్ధంగా ఉంది, అందరూ వచ్చేశారు, డైరెక్టరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మూట మీద నిద్రపోతున్న పిల్ల ఆయన కంటపడింది. "ఆ జుట్టు తీసేస్తే సరిపోదూ?" అన్నాడు. గుడ్డలు కత్తిరించే కత్తెరతో కన్నతల్లే పది నిమిషాల్లో పని కానిచ్చేసింది. పిల్లకి నిద్ర పూర్తిగా వదిలేసరికి నిక్కరులో ఉంది.

ఏడేళ్లలో ఇరవై మూడు సినిమాలు. అన్నిట్లోనూ మగపిల్లాడే. తప్పిపోయే పిల్లాడు, నీళ్లలో పడే పిల్లాడు, పరిగెత్తుతూ పరిగెత్తుతూ పెద్దవాడైపోయే పిల్లాడు. "గేటు దాకా నేను పరిగెత్తేదాన్ని తమ్ముడూ. గేటు దాటగానే మీసాలేసుకుని ఇంకెవడో తేలేవాడు. డబ్బాలో భోజనం నాది, క్లైమాక్సు వాడిది" అని పగలబడి నవ్వేది.

ఒక్కటే లోపం. ఆవిడకి ఏడుపు రాదు. బెదిరించినా బతిమాలినా కళ్లు ఇంతింత చేసుకుని చూసేదట తప్ప చుక్క రాలేది కాదు. చివరికి కళ్లలో గ్లిజరిన్ వేసేవాళ్లు. ఆ సీసా ఎప్పుడూ అమ్మ దగ్గరే ఉండేది. ముందు తన కంట్లో ఒక చుక్క వేసుకుని, ఎంత మండుతుందో చూసుకుని, అప్పుడుగాని పిల్లకి వేసేది కాదు. మధ్యాహ్నానికి తల్లీకూతుళ్లిద్దరి కళ్లూ చింతనిప్పుల్లా ఉండేవి. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత జరిగింది విని 'పాపం, చిన్నప్పుడు ఆవిడనీ అలాగే హింసపెట్టి ఉంటారు' అనేవాళ్లు కొందరుంటారు. లేదండీ. ఆవిడ తల్లి అలాంటిది కాదు. ఆ సాకు మాకు లేదు.

పన్నెండో ఏట ఒళ్లు ఎదిగింది. కొలతలు తీసేది అమ్మే కాబట్టి అమ్మకే ముందు తెలిసింది. చొక్కాలు వదులు చేసి, భుజాలు ముందుకి వంచి నిలబడటం నేర్పి, ఇంకో రెండు సినిమాలు లాక్కొచ్చింది. మూడోదాంట్లో కెమెరా ఆయన అందరికీ వినపడేలా "ఇది ఆడపిల్ల కదయ్యా!" అన్నాడు. సెట్టంతా నవ్వింది. మోసం చేస్తూ దొరికిపోయినట్టు తలకొట్టేసినట్టయిందని చెప్పేది. అప్పుడు వంచిన భుజాలు ఆవిడకి ఇప్పటికీ సరిగ్గా నిలబడవు.

ఒళ్లు ఎదిగినా గొంతు మాత్రం ఎదగలేదు. అదే అన్నం పెట్టింది. తన వేషాలు తన్నుకుపోయిన పిల్లలకే డబ్బింగ్ చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత టీవీలో బొమ్మల సీరియళ్లు వచ్చాయి. వాటిలో ఒక గాడిదపిల్ల ఉంది. సంచీ తగిలించుకుని బడికెళ్తుంది, అడ్డమైన ప్రశ్నలూ వేస్తుంది. అది పాతికేళ్లుగా వారానికి అయిదు రోజులు వస్తూనే ఉంది, ఇంకా రెండో తరగతి దాటలేదు. దాని గొంతు మా పిల్లోడక్కదే. "మా ఇంట్లో అందరూ నన్ను చిన్నప్పుడు గాడిదా అని తిట్టేవారు, ముందుచూపు ఉన్నవాళ్లు" అనేది.

ఆవిడ పనిచేస్తుంటే చూడాలి. చెప్పులు బయట విప్పేది, చప్పుడు రాకుండా. నోరు తడారి చిటచిటలాడకుండా ఒక యాపిల్ ముక్క నమిలేది. మైకు తన నోటికంటే జానెడు ఎత్తున కట్టించుకునేది. "పిల్లలు ఎవరితో మాట్లాడినా తలెత్తే మాట్లాడతారు కదా" అనేది. గడ్డం పైకెత్తి, మునివేళ్ల మీద లేచి నోరు తెరిస్తే, దేవుడి మీద ఒట్టు, నాకు ఆ మనిషి కనపడేది కాదు, గాడిదపిల్లే కనపడేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మాటలు ఏ రోజువి ఆ రోజే రికార్డు చేస్తాం. నవ్వులు, రొప్పులు, ఎక్కిళ్లు, ఏడుపులు మాత్రం ఒకసారి బాగా కుదిరితే దాచుకుని, అవసరమైనప్పుడల్లా అతికించేస్తాం. ఆర్టిస్టుకి గొంతు శ్రమ తగ్గుతుంది, మాకు టైము కలిసొస్తుంది. అలా దాచినవాటిలో 'పెద్ద ఏడుపు' అనే ఫైలుంది. ఇరవై రెండేళ్లుగా గాడిదపిల్ల ఎప్పుడు వెక్కివెక్కి ఏడ్చినా అదే. సబ్బుల ప్రకటనలో పాప ఏడ్చినా అదే. వేరే సీరియళ్లలో ఏనుగుపిల్ల, బాతుపిల్ల ఏడ్చినా అదే. విన్నవాళ్లు చేతిలో పని ఆపేస్తారు. అంత బాగుంటుంది.

ఆ ఏడుపు ఆవిడది కాదు.

గాడిదపిల్ల సంతలో తల్లి నుంచి తప్పిపోయే భాగం అది. నిమిషంన్నర ఏడవాలి. పొద్దున్నుంచి పధ్నాలుగు టేకులు తీశాం, ఒక్కటీ కుదరలేదు. గ్లిజరిన్ కంటికి పనికొస్తుంది గాని గొంతుకి పనికిరాదు కదా. ఆవిడ ఏడుస్తుంటే ఎవరో ఏడుపుని వెక్కిరిస్తున్నట్టుంది. డబ్బింగ్ చెప్పించే డైరెక్టరు ఎప్పుడూ నోట్లో దగ్గుబిళ్ల చప్పరిస్తూ ఉండేవాడు, ఆయన్ని మేం బిళ్లలాయన అనేవాళ్లం. "సాయంత్రం ఇంకో అమ్మాయిని పిలుస్తున్నాను. వచ్చేవారం నుంచి గాడిదపిల్ల మొత్తం ఆ అమ్మాయే చెప్తుంది, గొంతు మారితే పిల్లలు కనిపెట్టేస్తారు" అని చెప్పి భోజనానికి కిందికి దిగిపోయాడు.

ఆవిడ భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. ఆరేళ్ల కూతురికి ఆ రోజు బడి లేదు, అందుకని వెంట తెచ్చుకుంది. ఆ పిల్ల నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, పాత స్క్రిప్టు కాగితాల వెనక బొమ్మలు వేసుకుంటోంది. ఏ అల్లరీ లేదు.

అక్క కాసేపు కూతురి వంక చూసింది. "తమ్ముడూ, మైకు కొంచెం కిందికి దించు" అంది.

నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకుంటే బాగుండేది. వెళ్లి మైకు ఆ పిల్ల మూతి దగ్గరికి వచ్చేలా కట్టాను.

ఆవిడ కూతుర్ని అద్దం అవతలి గదిలోకి తీసుకెళ్లి నిలబెట్టింది. "నువ్వు మాట వినట్లేదు. నిన్ను ఇక్కడే వదిలేసి ఇంటికెళ్లిపోతున్నా. ఇంక రాను" అని చెప్పి బయటికి వచ్చి తలుపు వేసింది. అది చప్పుడు దూరని బరువు తలుపు, పిడి తిప్పడం ఆ చిన్న చేతుల వల్ల కాదు. మావైపు దీపం ఆర్పేశాం. దీపం ఆర్పేస్తే లోపలివాళ్లకి అద్దం నల్లగా కనిపిస్తుంది, మేం కనపడం. మాకు మాత్రం ఆ పిల్ల బాగానే కనపడుతోంది.

బిళ్లలాయన తిరిగొచ్చి విని గాల్లోకి ఎగిరాడు. "ఇదీ ఏడుపంటే! పొద్దున్నుంచి ఎక్కడ దాచావమ్మా దీన్ని?" అన్నాడు. ఆవిడ తల దించుకుని నిలబడింది. ఆయన అది వినయం అనుకున్నాడు. తల్లీకూతుళ్ల గొంతుల్లో ఒకటే జీర, ఏడుపుకి ముందు ఆవిడ చేత 'అమ్మా' అనిపించి అతికించేశాను, బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లే బస్సులో ఆ పిల్ల అమ్మ కొంగు పిడికిట్లో పట్టుకునే నిద్రపోయిందట. పొద్దున లేచాక ఆ మాటే ఎత్తలేదట. మర్చిపోయిందనుకున్నాం. మర్చిపోయిందనే మాట మా ఇద్దరికీ ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఆ ఏడుపుతో ఆవిడకి పేరొచ్చింది. ఎక్కడికెళ్లినా 'ఒక్కసారి ఆ ఏడుపు ఏడవండి' అనేవాళ్లే. గొంతు బాగాలేదనీ, డాక్టరు వద్దన్నాడనీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. ఇంట్లో టీవీలో అది మొదలైతే వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పేది.

కూతురు పెరిగింది. కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగం, నెమ్మదైన మనిషి. ఆ అమ్మాయికి తల్లి అంటే ఎంత గర్వమో. కొత్తవాళ్లు పరిచయమైన అయిదు నిమిషాలకల్లా "గాడిదపిల్ల ఏడుపు తెలుసు కదా, అది మా అమ్మే!" అని చెప్పేసేది. అది చాలక ఫోన్‌లో తల్లి నంబరుకి ఆ ఏడుపే రింగ్‌టోనుగా పెట్టుకుంది. అంటే ఈవిడ ఫోన్ చేసిన ప్రతిసారీ అవతల కూతురి చేతిలో, ఆరేళ్ల కూతురి ఏడుపు మోగుతుందన్నమాట. అక్క ఫోన్ చెయ్యడమే మానేసింది. "నువ్వు అసలు ఫోనే చెయ్యవేంటమ్మా, నేనే చెయ్యాలా ఎప్పుడూ?" అని ఆ పిల్ల అలిగేది.

మొన్నామధ్య గొంతు కళాకారుల సంఘం వాళ్లు, ఆవిడ మొదటి సినిమాకి యాభై ఏళ్లు నిండాయని సన్మానం పెట్టారు. తల్లిని సభకి పరిచయం చేసేది కూతురేనట. ముందు ఆ ఏడుపు వినిపిస్తుంది, తర్వాత తల్లి దాన్ని అందరి ముందూ ఏడ్చి చూపిస్తుంది, అదీ కార్యక్రమం.

ఆ సంగతి తెలిసిన రోజు అక్క మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకుండానే అంది. "తమ్ముడూ, ఆ ఫైలు తీసెయ్యవా?"

"ఎక్కడని తీస్తానక్కా? అది ఊరంతా ఉంది."

"అమ్మాయి తన నోటితోనే అది నా ఏడుపని చెప్తుంది. నేను పక్కన నిలబడి పళ్లికిలించాలి. నా వల్ల కాదు తమ్ముడూ. ముందే చెప్పేస్తాను."

"ఇన్నేళ్లయ్యాక ఇప్పుడెందుకు? దానికేం గుర్తులేదుగా" అన్నాను. నా భయం నాకుంది.

సభకి రెండు రోజుల ముందు కూతురే వచ్చింది, అసలు రికార్డింగ్ శుభ్రమైన కాపీ కావాలని. తల్లిని కూడా తీసుకొచ్చింది. నేను ఫైలు వెతుకుతున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. అక్క గొంతు సవరించుకుంది. తీరా నోరు తెరిస్తే వచ్చింది గాడిదపిల్ల గొంతు.

"నేనో పాడు పని చేశానుగా..."

కూతురు నవ్వేసింది. "అబ్బా, మామూలుగా మాట్లాడమ్మా."

మామూలు గొంతు వెతుక్కోవడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది. తర్వాత చెప్పింది. పధ్నాలుగు టేకులూ, మైకు దించడం, తలుపు, దీపం, అన్నీ. కన్నీళ్లు మాత్రం అప్పుడూ రాలేదు. కూతురి మొహంలో నవ్వు వెంటనే పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండిపోయింది.

"మామయ్యా, మొత్తం ఉందా మీ దగ్గర? కట్ చెయ్యనిది?"

ఉంది. ఎందుకు చెరపలేదని అడక్కండి. వినిపించాను.

"అమ్మా, నేనేం చెయ్యలేదు... బొమ్మ వేసుకుంటున్నా అంతే... అమ్మా, తలుపు తియ్యవా..." అంటూ మొదలైంది. తర్వాత మాటలు పోయాయి. ప్రపంచానికంతా తెలిసిన ఆ ఏడుపు వచ్చింది. అది అయిపోయాక కూడా టేపు ఆగలేదు. ఏడుపు ఇంకా పెరిగింది, దగ్గు వచ్చింది, ఊపిరి అందక ఎక్కిళ్లు పడ్డాయి, చిన్న పిడికిళ్లు తలుపు మీద కొట్టిన చప్పుడు. కింద కార్ఖానాలో రంపం ఆడితే బాగుండునని నా జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. ఆడలేదు.

చివరిదాకా వింది ఆ అమ్మాయి. గడియారం వంక చూసింది.

"సీను ఎంతసేపన్నావమ్మా?"

"నిమిషంన్నర."

"ఇది నాలుగు నిమిషాలుంది."

"నిమిషంన్నరకి నీ ఉద్యోగం నిలబడిపోయింది కదా. మిగతా రెండున్నర నిమిషాలు ఎందుకు?"

అక్క నా వంక చూసింది. నేను జేబురుమాలు తీసి, దుమ్ము లేని బటన్ల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాను.

"బాగా వస్తోందని" అంది అక్క. "బాగా వస్తోందని నేనే ఆపలేదే."

ఆ మాట ఆవిడది కాదు. ఆ రోజు నిమిషంన్నర దాటగానే ఆవిడ లేచింది. "చాలు తమ్ముడూ, తీసేస్తా" అంటూ తలుపు పిడి మీద చెయ్యి వేసింది. నేను తల తిప్పకుండా చెయ్యెత్తి, "ఉండక్కా, బాగా వస్తోంది" అన్నాను. రంపం లేదు, గరగర లేదు, మీటరులో ముల్లు సరిగ్గా ఎక్కడ ఆడాలో అక్కడ ఆడుతోంది. అంత స్వచ్ఛమైన శబ్దం నా చేతికి అంతకుముందెప్పుడూ దొరకలేదు. ఆవిడ మళ్లీ కదిలింది. మళ్లీ చెయ్యెత్తాను. లోపలి మైకు నా మాట పట్టుకోలేదు కాబట్టి టేపులో నేను లేను. అద్దానికి ఇవతల ఉన్నవాళ్లు టేపులో ఉండరు.

కూతురు అరవలేదు, తిట్టలేదు. ఫోన్ తీసి నాకిచ్చింది. "ఆ రింగ్‌టోన్ తీసెయ్యండి మామయ్యా. నాకు అక్షరాలు కనపడట్లేదు." తీసేశాను. నా చెయ్యి వణకలేదు, అదీ రాయాలి.

"సభకి వస్తాను. పరిచయం మాత్రం నా వల్ల కాదు" అంది తల్లితో.

"వద్దులే. నేనే చెప్పుకుంటాను."

సభ రోజు హాలు నిండిపోయింది. కూతురు ముందు వరసలో, నేను అయిదో వరసలో కూర్చున్నాం. కాసేపు పొగిడాక, సంఘం అధ్యక్షుడు మైకు ఆవిడ చేతికిచ్చి, "మరి ఆ ఏడుపు..." అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ చప్పట్లు ఆగేదాకా ఆగింది. "ఆ ఏడుపు నాది కాదండీ. నాకు ఏడవడం చేతకాదు. మా అమ్మాయిది. దానికి ఆరేళ్లప్పుడు గదిలో పెట్టి తలుపేసి, వదిలేసి వెళ్లిపోతున్నానని చెప్పి ఏడిపించాను. నిమిషంన్నర కావాలి. నాలుగు నిమిషాలు ఏడిపించాను. ఎందుకంటే బాగా వస్తోంది. నాకు మీరిచ్చే ఈ బహుమతి తీసుకునే మొహం లేదు. ఇన్నాళ్లూ మీ మెప్పు తిన్నందుకు సిగ్గుపడుతున్నాను."

నా ఊసు ఎత్తలేదు. ఆ రోజు అద్దానికి ఇటువైపు తనతో ఇంకెవరున్నారో చెప్పలేదు. హాల్లో గుసగుసలు లేచాయి. ముందు వరసలో కూతురు లేచి వెళ్లలేదు, చప్పట్లూ కొట్టలేదు, తల్లినే చూస్తూ కూర్చుంది. ఆవిడ ఆ వంగిన భుజాలతో అందరి చూపుల కిందా అలాగే నిలబడి ఉంది.

నేను లేచి ఒక్క మాట చెప్తే చాలు. "ఆ మాట అన్నది నేను" అంటే అయిపోయేది. కుర్చీ చేతులు పట్టుకున్నాను కూడా.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన నావైపు వంగాడు. "ఏం తల్లండీ! పసిదాన్ని అలా ఎలా ఏడిపించబుద్ధయింది?" అన్నాడు.

"అవునండీ" అన్నాను నేను.